బీటెక్ చదివిన అమ్మాయి డ్రోన్‌తో మందు కొడతానంటోంది, లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

పేట అమ్మ:

మాది పల్నాడు. నాలుగెకరాలు మిరప, మూడెకరాలు పత్తి. మా అమ్మాయి ఈసీఈ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. దాన్ని పక్కన పెట్టి, డ్రోన్ పైలట్ ట్రైనింగ్ తీసుకుని, చేలల్లో పిచికారీ చేసే కంపెనీలో చేరతానని కూర్చుంది. నెలకి 22 వేలు జీతం, పైన ఎకరానికి ఇంతని ఇస్తారట. రెండేళ్లు చేశాక సొంత డ్రోన్ కొంటుందట. వాళ్ల నాన్న సగం మెత్తబడ్డారు. నేను వద్దంటున్నాను.

నలుగురూ ఏమంటారోనన్న బాధ నాకూ ఉంది, లేదని అబద్ధం చెప్పను. సంబంధాలవాళ్లు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే మందు కొడుతోందని చెప్పాలా? కానీ అసలు భయం అది కాదు. మందు కొట్టొచ్చిన మనిషి సాయంత్రానికి కళ్లు మండి, తల దిమ్మెక్కి మంచాన పడటం చూడని ఇల్లు మా వైపు లేదు. ఆ వాసన పిల్లకి తగలకూడదనే గదా చదివించుకుంది.

డ్రోన్ అయితే ఒంటికి మందు తగలదంటోంది, నిజమేనా? సొంతంగా పెట్టుకుంటే ఏడాది చివర మిగిలేదెంత? లైసెన్సుల గొడవ ఏమిటి? ఈ మూడూ చెప్పండి చాలు. "ఆడపిల్లల్ని ఎగరనివ్వండమ్మా" అనే మాటలు మాత్రం దయచేసి వద్దు, అవి ఇంట్లో రోజూ వింటున్నాను.

గాలివాటం:

అమ్మా, మూడింటిలో లైసెన్సు సంగతే తేలిక. ముందు అది తేల్చేస్తాను.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్‌లో బరువును బట్టి తరగతులున్నాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 2 నుంచి 25 కిలోల వరకు స్మాల్, ఆపైన మీడియం. బరువంటే ఖాళీ డ్రోన్‌ది కాదు, బ్యాటరీ, మందు అన్నీ ఎక్కించి లేచేటప్పటి బరువు. 10 లీటర్ల డ్రోన్లు ఎక్కువగా నిండు ట్యాంకుతో 25 కిలోల లోపే ఉండేది అందుకే. అమ్మాయికి కావాల్సింది స్మాల్ క్లాస్‌కి రిమోట్ పైలట్ సర్టిఫికెట్. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుంటే అర్హత ఉన్నట్టే. ఒకసారి వస్తే పదేళ్లు చెల్లుతుంది.

ఇక్కడ జనం మోసపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, రెండ్రోజుల వర్క్‌షాపు పెట్టి ఫ్రేము కట్టించుకునేంత అందమైన సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. అది గోడకే పనికొస్తుంది. డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న శిక్షణ సంస్థ ద్వారా, డీజీసీఏ పోర్టల్‌లో పుట్టిన సర్టిఫికెట్టే చెల్లుతుంది. గుంటూరు లాంలో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఈ శిక్షణ ఇస్తున్నాయి. ప్రైవేటువీ చాలా ఉన్నాయి. ఫీజు కట్టేముందు పోర్టల్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో చూసుకోవాలి. రెండోది, ఫీజు తక్కువని మైక్రో క్లాస్‌లో చేరడం. పెళ్లి వీడియోలు తీసే డ్రోన్‌కి తీసుకున్న సర్టిఫికెట్‌తో 10 లీటర్ల డ్రోన్ ఎగరేయడానికి లేదు.

కోర్సు అయిదు నుంచి ఏడు రోజులు. థియరీ, సిమ్యులేటర్, తర్వాత మైదానంలో ఎగరేయడం. కానీ ఎగరేయడం నేర్పడం వేరు, మందు కొట్టడం నేర్పడం వేరు. కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళలకిచ్చే 15 రోజుల శిక్షణలో 5 రోజులు పైలట్‌గా, మిగతా 10 రోజులు పిచికారీ పని మీద పెట్టింది. పని ఎక్కడుందో దాన్ని బట్టే తెలుస్తుంది. అమ్మాయి చేరే సంస్థలో పిచికారీ శిక్షణ ఉందా, ఎన్ని రోజులు, ఎవరి పొలంలో అని అడగమనండి.

కంపెనీని అడగాల్సినవి ఇంకొన్ని. డ్రోన్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం), దానిమీద గుర్తింపు సంఖ్య ఉన్నాయా? థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎవరి పేరున ఉంది? ఎగరేసే ప్రతి ఊరూ ఎయిర్‌స్పేస్ మ్యాపులో చూస్తున్నారా? గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. పిచికారీ పైరు మీద రెండు మీటర్ల ఎత్తులోనే కాబట్టి ఎత్తుతో పేచీ రాదు. రెడ్ జోన్‌లో మాత్రం కేంద్రం అనుమతి లేకుండా అంగుళం లేపకూడదు. రూల్స్ మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది.

ఇంకో మాట. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆఫర్ వదులుకోవాల్సిన పనే లేదు. ఆఫర్ లెటర్‌కీ జాయినింగ్ తేదీకీ మధ్య నెలలు గడవడం మామూలే. ఆ సందులో వారం రోజుల కోర్సు పూర్తవుతుంది. సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని, ఒక నెల కో-పైలట్‌గా పొలాల్లో తిరిగి, అప్పుడు తేల్చుకోవచ్చు.

మందుల చీటీ:

"ఒంటికి మందు తగలదు" అన్న మాట సగమే నిజమండీ. మిగతా సగంలో మీ భయమే కరెక్టు.

వీపున పంపు కట్టుకుని కొట్టేవాడు తను తడిపిన పైరులోనే నడుస్తాడు. మోకాళ్ల నుంచి నడుము దాకా తడుస్తాడు, గాలి తిరిగితే మొహం మీద పడుతుంది. డ్రోన్‌లో అది పోయింది, పైలట్ గట్టు మీద ఉంటాడు. ఇంతవరకు అమ్మాయి చెప్పింది నిజం.

ఇప్పుడు బకెట్ దగ్గరికి రండి. ఎకరానికి 200 మిల్లీలీటర్ల మోతాదున్న మందు తీసుకుందాం. మామూలుగా దాన్ని 200 లీటర్ల నీళ్లలో కలుపుతాం, లీటరుకి 1 మిల్లీ. డ్రోన్‌లో ఎకరానికి మందు అంతే, నీళ్లు 10 లీటర్లే. అంటే లీటరుకి 20 మిల్లీ. చేతి మీద పడిన ఒక్క చుక్క, పాత పద్ధతిలో పడిన ఇరవై చుక్కలతో సమానం. పైగా పంపుతో కొట్టే రైతు రోజుకి రెండు మూడు ఎకరాలకి కలుపుతాడు. డ్రోన్ జట్టు ఇరవై ఎకరాలకి కలుపుతుంది, ఇరవైసార్లు మూత తీస్తుంది. కాబట్టి ఈ పనిలో ప్రమాదం రిమోట్ పట్టుకున్నవాళ్లకి కాదు, మందు కలిపేవాళ్లకి. ఆ ఇద్దరిలో మీ అమ్మాయి ఎవరో, లేక రెండూ తనేనో, అది అడగండి.

కలిపేటప్పుడు ఉండాల్సినవి చెప్తాను. మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లౌజులు కావాలి. ఆసుపత్రుల్లో వాడే పల్చటివి చాలవు, మందులో ఉండే ద్రావకం వాటిని దాటేస్తుంది. మొహానికి షీల్డ్. ముక్కుకి మందు ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు. తువ్వాలు కట్టుకోవడం దానికి బదులు కాదు సరికదా అంతకంటే చెడ్డది, మందు పీల్చుకున్న గుడ్డని ముక్కుకి అదిమి పెట్టుకున్నట్టే. ప్లాస్టిక్ ఏప్రన్, గమ్ బూట్లు, ప్యాంటు బూటు పైన ఉండాలి గానీ లోపల కాదు. గ్లౌజులు విప్పేముందే సబ్బుతో కడుక్కోవాలి. ఉత్త చేత్తో తడి గ్లౌజు లాగితే పొద్దుటి నుంచి వేసుకున్నదంతా వృథా. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కూడదు.

ఎండలో ఇవన్నీ ఎవరు వేసుకుంటారని మీరు అంటారు. నిజమే, పదకొండు దాటాక అందరూ విప్పేస్తారు. అందుకే మంచి జట్లు ఉదయం ఆరు నుంచి పది లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే పని పెట్టుకుంటాయి. మిట్టమధ్యాహ్నం కొడితే పైరుకీ లాభం లేదు, డ్రోన్ చినుకు సన్నం కాబట్టి ఆకు చేరకముందే కొంత ఆవిరైపోతుంది. మధ్యాహ్నం కూడా ఎకరాలు లెక్కపెట్టే కంపెనీ అయితే జీతం ఎంతిచ్చినా చేరొద్దనండి.

మందు కలపడంలో ఇంకో తిప్పలుంది. రైతు నాలుగు డబ్బాలు తెచ్చి "అన్నీ కలిపి కొట్టండి" అంటాడు. 200 లీటర్లలో కలిసిపోయిన మందులే 10 లీటర్లలో పెరుగులా విరిగిపోతాయి. ముందు చిన్న సీసాలో అదే నిష్పత్తిలో కలిపి పదిహేను నిమిషాలు పక్కన పెట్టి చూడాలి. అడుగున పేరుకున్నా, తరక కట్టినా, సీసా వేడెక్కినా ఆ కలయిక వద్దని చెప్పేయాలి. వరస కూడా ముఖ్యం. సగం నీళ్లు పోసి ముందు పొడి మందు, అది పూర్తిగా కలిశాక చిక్కటి ద్రవం, తర్వాత పాలలా తెల్లబడే ఈసీ మందు, జిగురు ఆఖరున. ట్యాంకులోకి పోసేటప్పుడు సన్నటి జాలీ తప్పనిసరి. పొడి మందు సరిగ్గా కరగకపోతే నాజిల్ మూసుకుపోతుంది, అప్పుడు జట్టులో ఎవరో ఒకరు దాన్ని నోటితో ఊదుతారు. నవ్వకండి, ఊదుతారు. పాత టూత్‌బ్రష్ ఒకటి కిట్‌లో ఉండాలి.

డబ్బా మీద త్రికోణం రంగు మీకు తెలిసే ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు ఉన్నవి డ్రోన్‌లో పోయబోమనే కంపెనీ నిబంధన కాగితం మీద ఉంటే మంచిది. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగు మందులతో సీజనంతా పనిచేసేవాళ్లు సీజన్ మొదలవకముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, మందు ఒంటి మీద ఎంత పనిచేసిందో చెప్పే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకోవాలి. మొదటి అంకె ఉంటేనే తర్వాతది తగ్గిందో లేదో తెలుస్తుంది. చొల్లు కారడం, విపరీతమైన చెమట, చూపు మసకబారడం, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే పని ఆపి, ఆ మందు డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భంతో ఉన్నప్పుడు మందు కలిపే పని పూర్తిగా మానాలి, ఇందులో బేరాలు లేవు.

పద్దు పుస్తకం:

డబ్బు సంగతి నేను చెప్తాను మేడమ్. అందరూ డ్రోన్ ధర చూస్తారు. చూడాల్సింది బ్యాటరీ ధర.

10 లీటర్ల డ్రోన్‌లో మామూలుగా 22,000 ఎంఏహెచ్ బ్యాటరీలు రెండు జతగా పడతాయి. ఆ జత దాదాపు ఒక యూనిట్ కరెంటు పట్టుకుంటుంది, నిండు ట్యాంకుతో పది నిమిషాలు ఎగురుతుంది, అటూ ఇటూగా ఒక ఎకరం. అంటే ఎకరానికి ఒక ఛార్జింగ్ సైకిల్ (ఒకసారి నింపి వాడేయడం) ఖర్చయిపోతుంది. జత ధర 60 వేలు అనుకోండి. 300 సైకిళ్లకే పోతే ఎకరానికి 200 రూపాయలు బ్యాటరీయే తినేసింది. 500 సైకిళ్లు వస్తే 120. రైతు ఇచ్చేది ఎకరానికి 400 అనుకుంటే ఇప్పుడు లెక్క వేద్దాం.

ఏడాదిలో 130 రోజులు పని దొరికింది. వాన, గాలి, దూరాభారం పోను రోజుకి సగటున 12 ఎకరాలు. మొత్తం 1,560 ఎకరాలు, వసూలు 6 లక్షల 24 వేలు. తోడు మనిషికి రోజుకి 700 చొప్పున 91 వేలు. బండి, జనరేటర్ పెట్రోలు రోజుకి 800 చొప్పున లక్షా 4 వేలు. ఇన్సూరెన్సు, రెక్కలు, నాజిళ్లు, పంపు, ఒకటి రెండు సార్లు కిందపడటం అన్నీ కలిపి 60 వేలు. ఇవి పోను 3 లక్షల 69 వేలు. ఇందులోంచి బ్యాటరీ ఖర్చు తీయాలి. 300 సైకిళ్ల లెక్కన 3 లక్షల 12 వేలు పోయి మిగిలేది 57 వేలు. 500 సైకిళ్ల లెక్కన లక్షా 82 వేలు. డ్రోన్ లోను కిస్తీ ఇంకా తీయలేదు.

అదే రోజుకి 20 ఎకరాలైతే? 2,600 ఎకరాలు, 10 లక్షల 40 వేలు. పెట్రోలు, రిపేర్లు పెరుగుతాయి కాబట్టి పై ఖర్చులు 3 లక్షలు వేసుకుని, బ్యాటరీకి 500 సైకిళ్ల లెక్కన 3 లక్షల 12 వేలు తీసేస్తే 4 లక్షల 28 వేలు. 12కీ 20కీ తేడా ఎగరేసే నేర్పులో లేదు. ఒక ఊళ్లో పక్కపక్కన పొలాలవాళ్లని ముందురోజు ఫోన్లలో కలిపి ఒకే పొద్దులో పెట్టుకోవడంలో ఉంది. ఇక్కడ ఒక ఎకరం, నాలుగు కిలోమీటర్ల అవతల రెండెకరాలు అని తిరిగితే పొద్దంతా బండి మీదే గడుస్తుంది.

సబ్సిడీల గురించి కూడా. మహిళా రైతుకి వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద ధరలో 50 శాతం, 5 లక్షలు మించకుండా ఇచ్చే వీలుంది. డ్రోన్ దీదీలో 80 శాతం, 8 లక్షల వరకు. కానీ అది విడి మనిషికి కాదు, స్వయం సహాయక సంఘానికి. మీరు డ్వాక్రాలో ఉంటే మీ సంఘం పేరున అడగాలి గానీ అమ్మాయి పేరున రాదు. ఆ పథకం 2023-24 నుంచి 2025-26 వరకని ప్రకటించారు, ఇప్పుడు తలుపు తెరిచి ఉందో లేదో మండల వ్యవసాయాధికారి దగ్గర కనుక్కోండి. మంజూరు కాగితం చేతికి రాకుండా సబ్సిడీని నమ్ముకుని అప్పు చేయొద్దు. ఆ పథకమే సంఘానికి వచ్చే అదనపు ఆదాయాన్ని ఏడాదికి కనీసం లక్ష అని చెప్పింది, 10 లక్షలని కాదు. యూట్యూబ్‌లో చూపించే లెక్కల పక్కన ఈ అంకె పెట్టుకుని చూడండి.

నా మాట: సొంత డ్రోన్ ఇప్పుడే వద్దు. 22 వేల జీతానికి బ్యాటరీలు కంపెనీవి, కూలిపోతే నష్టం కంపెనీది. ఖరీఫ్, రబీ రెండూ చూశాక కొనాలో వద్దో తనకే తెలుస్తుంది.

గాలివాటం:

పద్దు గారి లెక్కతో పేచీ లేదు, 300 సైకిళ్ల దగ్గర మాత్రం ఒక మాట. అంత తొందరగా చచ్చేవి ఎక్కువగా మనం చంపినవే. దిగగానే వేడి బ్యాటరీని ఛార్జర్‌కి తగిలించడం మొదటి పాపం. చెయ్యి పెడితే వేడి తెలియనంత చల్లారాలి, అరగంట పడుతుంది. అందుకే నాలుగైదు జతలు తిప్పాలి. రెండో పాపం, ఇంకో రెండు సాళ్లే కదా అని బ్యాటరీలో ఒక్కో సెల్ 3.6 వోల్టుల కిందికి దిగే దాకా ఎగరేయడం. మూడోది అన్నిటికంటే పెద్దది, సీజనయ్యాక నిండా ఛార్జి చేసి అటక మీద పడేయడం. ఏప్రిల్, మే ఎండల్లో నిండు బ్యాటరీ ఉబ్బిపోతుంది. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి, నీడలో పెట్టి, నెలకోసారి మీటరుతో చూడాలి. ఉబ్బిన దాన్ని ఇంకొక్కసారి అని వాడొద్దు.

అమ్మా, ఇంట్లో బ్యాటరీలు ఉంచితే మీకు సంబంధించింది ఇది: పడకగదిలో, రాత్రి నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టనివ్వకండి. వరండాలో, సిమెంటు గచ్చు మీద, పక్కన పొడి ఇసుక బకెట్‌తో.

పేట అమ్మ:

అందరికీ థ్యాంక్స్. బకెట్ సంగతి అమ్మాయికి చదివి వినిపించాను. రెండూ తనే చేయాలా అంటే, చిన్న పొలాలకి ఒక్కోసారి ఒక్కళ్లనే పంపుతారేమో అంది. ఆ "ఏమో" నాకు నచ్చలేదు.

ఇంకో రెండు. పక్క చేలో పంట మాడిపోతే ఎవరు కట్టాలి? మా ఊళ్లో గట్టు తగాదాలే పోలీస్‌స్టేషన్ దాకా వెళ్తాయి. రెండోది, ముక్కూమొహం తెలియని ఊళ్లో తెల్లారి అయిదున్నరకి ఆడపిల్ల పొలంలో ఉంటే మరుగుకి ఎక్కడికి వెళ్తుంది? ఇది అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

డెల్టా గట్టు:

అక్కా, రెండోది ముందు చెప్తాను. డ్రోన్ పని ఒంటరిగా చేసేది కానే కాదు. ఎగురుతున్నంతసేపు పైలట్ కళ్లు డ్రోన్ మీద ఉండాలి. తీగలు, చెట్లు, పొలంలోకి నడిచొచ్చే మనుషులు, గొర్రెలు, వీటిని చూడటానికి రెండో మనిషి ఉండాలి. కాబట్టి "ఇద్దరు లేకుండా పంపం" అన్న మాట డ్రోన్ కంపెనీ ఇచ్చే ఆఫర్ లెటర్‌లో రాయించుకోవడం భద్రత కోసమే కాదు, పని కోసం కూడా. ఆ రెండో మనిషి కూడా ఆడమనిషైతే మీ సగం దిగులు తీరుతుంది. ఇక మరుగు. పొలాన్ని బట్టి కాకుండా ఊరిని బట్టి పని పెట్టుకునే జట్లు ఊళ్లో ఒక చోటు చూసుకుంటాయి, రైతు సేవా కేంద్రమో, సంఘం భవనమో, బుక్ చేసుకున్న రైతు ఇల్లో. ఛార్జింగ్ అక్కడే, నీళ్లు అక్కడే, బాత్రూం అక్కడే. బుకింగ్ ఫోన్‌లోనే అడిగేయాలి, మొహమాటపడితే పొద్దున తంటా. జనరేటర్ పెట్రోలూ మిగులుతుంది. మోటారు కనెక్షన్ మీద మాత్రం ఛార్జర్ తగిలించొద్దు, వోల్టేజీ ఎగిరిపడితే ఛార్జరే పోతుంది.

పక్క చేను సంగతి నిజంగా పెద్దది. అన్నిటికంటే ప్రమాదం కలుపు మందు. 2,4-డి మొక్కజొన్నలోనో వరిలోనో కొడితే, గాలివాలున పత్తి ఉంటే అయిపోయినట్టే. పత్తి ఆకు బెండాకులా చీలి, వేళ్లలా సన్నబడి ముడుచుకుంటుంది. ఎంత కొంచెం తగిలినా కనబడుతుంది, అది కూడా వారం తర్వాత, డ్రోన్ వెళ్లిపోయాక. మీ వైపు పత్తి ఎక్కువ కాబట్టి 2,4-డి డ్రోన్‌తో కొట్టనే కొట్టమని ముందే చెప్పేయడం మేలు. మా వైపయితే రొయ్యల చెరువులు. సైపర్‌మెత్రిన్, లామ్డా లాంటి పురుగు మందులు చెరువులో పడితే ఎకరాల కొద్దీ రొయ్య తేలిపోతుంది. పట్టుపురుగులు పెంచేవాళ్ల మల్బరీ తోట, పూత మీదున్న పొద్దుతిరుగుడులో తేనెటీగలు, ఇవీ చూసుకోవాలి.

గాలి గంటకి 10 కిలోమీటర్లు దాటితే ఆపేయాలి. కంటితో అంచనా కాదు, ఎనిమోమీటర్ అని చేతిలో పట్టుకునే చిన్న పరికరం ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. తెల్లవారుజామున ఆకు కదలనంత నిశ్శబ్దంగా ఉంటే అదీ మంచిది కాదు. పొగమంచు నేలబారున తేలుతోందంటే సన్నటి చినుకు కూడా అలాగే తేలుతూ ఎటో వెళ్లి దిగుతుంది. ఎండ పొడ తగిలి కొంచెం గాలి ఆడాక మొదలుపెట్టాలి. ఎప్పుడూ గాలివాలు చివర మొదలుపెట్టి గాలికి ఎదురుగా సాళ్లు వేసుకుంటూ రావాలి, పైలట్ వీపుకి గాలి తగులుతూ ఉండాలి.

తగాదా వచ్చినప్పుడు నిలబెట్టేది కాగితం. సర్వే నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు, టైము, గాలి వేగం, నాలుగు పక్కలా ఏ పంట ఉంది, రైతు సంతకం. మందు డబ్బాకి ఫోటో. డ్రోన్ ఏ దారిలో ఎగిరిందో లాగ్ అందులోనే ఉంటుంది, దాన్ని ఏ రోజుకారోజు దాచుకోవాలి. మందు ఎప్పుడూ రైతే తేవాలి, "ఏ మందు మంచిదమ్మా" అంటే షాపు వాళ్లనో వ్యవసాయాధికారినో అడగమనాలి. మనం చెప్పిన మందు పనిచేయకపోతే ఆ పంట మన మెడకి చుట్టుకుంటుంది. ఇన్సూరెన్సు విషయంలో, డ్రోన్ కూలి మనిషికో ఆస్తికో నష్టం జరగడం ఒకటి, మందు గాలికి కొట్టుకుపోయి పంట పోవడం వేరొకటి. రెండోది పాలసీలో ఉందో లేదో చదివి చూడాలి, ఏజెంటు నోటిమాట చాలదు.

మిరప మడి:

అందరూ చెప్పారు గానీ ఒక్కరూ మిరప మాటెత్తలేదు. పేటవాళ్లకి వరి సలహాలు దేనికి? వరి, మినుము, శనగ లాంటి వాటిలో డ్రోన్ బ్రహ్మాండం. గుబురు కట్టిన మిరపలో 10 లీటర్లతో పై ఆకులే తడుస్తాయి. నల్లి ఆకు కింద, తామర పురుగు పూతలో దాక్కుంటాయి. మొక్కలోకి ఇంకి పాకే మందైతే కొంత ఫలితం, తగిలితేనే చచ్చే మందైతే డబ్బు దండగ. రైతు "డ్రోన్‌తో కొట్టిస్తే ముడత పోలేదు" అని ఊరంతా చెప్తాడు, మళ్లీ సీజన్‌కి ఫోన్ రాదు.

నాటిన నెలన్నర దాకా ఫర్వాలేదు. గుబురయ్యాక ఎకరానికి 16 నుంచి 20 లీటర్లు, వేగం తగ్గించి, ఒకసారి నిలువు సాళ్లు, ఒకసారి అడ్డ సాళ్లు. అంటే ఎకరానికి రెండు ట్యాంకులు, రెండు బ్యాటరీ సైకిళ్లు. పైన పద్దు గారి లెక్కలో 400కి ఇది గిట్టదు. మిరపకి రేటు వేరే చెప్పాలి, లేదా ముదురు మిరప ఒప్పుకోకూడదు. మీ అమ్మాయి చేరే కంపెనీ మిరపకీ వరికీ ఒకే రేటు, ఒకే 10 లీటర్లు అంటుంటే వాళ్లకి పని రాదని అర్థం.

గాలివాటం:

మిరప మడి గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను.

అమ్మా, ఇలాంటి కంపెనీలు రైతులకి డెమోలు పెడుతుంటాయి. మీరే రైతుగా వెళ్లండి, అమ్మాయి తల్లినని చెప్పక్కర్లేదు. లీటరు కొలత గీతలున్న జగ్గులు నాలుగు పట్టుకెళ్లండి. డ్రోన్ నేల మీదే ఉంచి, ట్యాంకులో ఉత్త నీళ్లు పోయించి, నాలుగు నాజిళ్ల కింద నాలుగు జగ్గులు పెట్టి సరిగ్గా ఒక నిమిషం పంపు ఆడించమనండి. లెక్క ఇలా: సాలు వెడల్పు 4 మీటర్లు, వేగం సెకనుకి 4 మీటర్లు అంటే సెకనుకి 16 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు, కాబట్టి మలుపులు కాక 253 సెకన్లు, నాలుగుంపావు నిమిషాల లోపు. అందులో 10 లీటర్లు పడాలంటే నిమిషానికి దాదాపు 2.4 లీటర్లు, ఒక్కో జగ్గులో 600 మిల్లీ రావాలి. ఒక జగ్గులో 600, ఇంకోదాంట్లో 450 వస్తే ఆ నాజిల్ మూసుకుపోయింది, ఆ సాలంతా పురుగు మిగిలిపోతుంది. జగ్గులు చూడగానే "ఇవన్నీ ఎందుకమ్మా" అంటే మీకు జవాబు దొరికినట్టే. వాళ్లే జగ్గులు తీస్తే, తర్వాత మందు ఎవరు కలుపుతున్నారో, చేతులకి ఏం తొడుక్కున్నారో చూడండి.

పేట అమ్మ:

జగ్గులు మూడే ఉన్నాయి, ఇంకోటి కొంటాను. శనివారం నరసరావుపేట దగ్గర డెమో ఉందట. అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకి జాయినింగ్ తేదీ గురించి మెయిల్ పెట్టింది. ఒప్పుకున్నానని మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.